లినక్స్‌లో ఇంటర్నెట్ రేడియో: ఏ ప్లేయర్ ఎవరికి, మధ్యలో ఆగిపోతుంటే ఎక్కడ చూడాలి

లినక్స్ డెస్క్‌టాప్ మీద రేడియో మొరాయించగానే చాలామంది చేసే మొదటి పని ప్లేయర్ మార్చడం. రిథమ్‌బాక్స్‌లో రాలేదని గుడ్‌వైబ్స్ వేస్తారు, అందులోనూ రాలేదని రేడియోట్రే-ఎన్‌జీ వేస్తారు, చివరికి లినక్స్‌లో ఇదంతా తలనొప్పి అని తేల్చేసి ఫోన్‌లో పెట్టుకుని వింటారు. నిజానికి ఆ మూడింటికీ లోపల స్ట్రీమ్‌ని తెచ్చి మోగించే ఇంజిన్ ఒక్కటే, జీస్ట్రీమర్. ఒకదాంట్లో రాని స్టేషన్ మిగతా రెండింట్లోనూ రాకపోతే అందులో వింతేమీ లేదు. అందుకే ఏ ప్లేయర్ మంచిదో చెప్పేటప్పుడు, రేడియో ఎందుకు ఆగుతుందో కూడా కలిపే చెప్పాలి, విడదీసి చెబితే ఉపయోగం ఉండదు.

తొందరలో ఉన్నవాళ్లకు నా జవాబు ముందే చెప్పేస్తాను. మీరు రోజూ దేంట్లో విన్నా సరే, టెర్మినల్ నుంచి నడిపే ఎంపీవీ అనే ప్లేయర్ మాత్రం ఒకటి ఇన్‌స్టాల్ చేసి పెట్టుకోండి, తప్పు ఎక్కడుందో పట్టుకోవడానికి దాన్ని మించింది లేదు. కిటికీ, బొమ్మలు, వెతుకులాట, ఇష్టమైన స్టేషన్ల జాబితా కావాలంటే షార్ట్‌వేవ్, అదీ ఫ్లాట్‌హబ్ అనే యాప్‌ల దుకాణం నుంచి. నెట్ సన్నగా, అప్పుడప్పుడూ తెగుతూ వచ్చే ఇంట్లో వీఎల్‌సీ. టెర్మినల్‌లోనే పని చేసుకునేవాళ్లకు పైరేడియో. పొద్దున పెట్టి రాత్రి ఆపేవాళ్లకు, మూల చిన్న గుర్తుగా కూర్చుని మెమరీ పెద్దగా తినకుండా ఉండేది కావాలంటే రేడియోట్రే-ఎన్‌జీ. ఇంట్లో ఒక పాత కంప్యూటర్‌కి స్పీకర్లు తగిలించి ఫోన్ నుంచి స్టేషన్లు మార్చాలనుకుంటే, కిటికీ లేకుండా వెనక నడిచే ఎంపీడీ. ఎందుకో ఇప్పుడు చెప్తాను.

పేర్లు చాలా, ఇంజిన్లు కొన్నే

ప్లేయర్‌ని ఎంచుకునేటప్పుడు పైన కనిపించే కిటికీ కంటే లోపలి ఇంజిన్ చూడటం ముఖ్యం. షార్ట్‌వేవ్, రిథమ్‌బాక్స్, గుడ్‌వైబ్స్, రేడియోట్రే-ఎన్‌జీ, స్ట్రాబెర్రీ ఇవన్నీ జీస్ట్రీమర్ మీద నడుస్తాయి. జీస్ట్రీమర్ ముక్కలు ముక్కలుగా ఉంటుంది: గుడ్, బ్యాడ్, అగ్లీ, లిబ్‌ఏవీ అని ప్లగిన్ల కట్టలు. ఎంపీ3 ఒక కట్టలో, ఏఏసీ అనే ఆడియో ఫార్మాట్ మరో కట్టలో, హెచ్‌ఎల్‌ఎస్ (పాటను ముక్కలుగా పంపే పద్ధతి, కింద చెప్తాను) ఇంకో కట్టలో. వీటిలో ఒక్క కట్ట లేకపోయినా ఆ రకం స్టేషన్లు మాత్రమే రావు, మిగతావి నిక్షేపంగా వస్తాయి. కొన్ని వచ్చి కొన్ని రాకపోతే ముందుగా అనుమానించాల్సింది ఇదే. ఎంపీవీ ఎఫ్‌ఎఫ్‌ఎంపెగ్ మీద నడుస్తుంది, అది మామూలుగా అన్నీ ఒకే లైబ్రరీల గుంపుగా వస్తుంది. వీఎల్‌సీది సొంత దారి: నెట్ నుంచి లాక్కోవడం, ముక్కలు విడదీయడం తనే చూసుకుంటుంది, డీకోడింగ్‌కి ఎక్కువగా ఎఫ్‌ఎఫ్‌ఎంపెగ్ లైబ్రరీ వాడుకుంటుంది. పైరేడియోకి సొంత ఇంజిన్ లేదు, ఎంపీవీనో ఎంప్లేయర్‌నో వీఎల్‌సీనో వెనక నిలబెట్టి నడిపిస్తుంది.

కాబట్టి ఒక స్టేషన్ రిథమ్‌బాక్స్‌లో రాకపోతే పరీక్షించాల్సింది ఎంపీవీలో, గుడ్‌వైబ్స్‌లో కాదు. ఎంపీవీలో వస్తే మీ నెట్టూ, స్టేషన్ అడ్రసూ, స్పీకరూ మూడూ బాగున్నట్టే, లోటు జీస్ట్రీమర్ ప్లగిన్లలో ఉంది. ఉబుంటులో అయితే ఉబుంటు-రిస్ట్రిక్టెడ్-ఎక్స్‌ట్రాస్ ప్యాకేజీ వేస్తే సాధారణంగా తీరిపోతుంది. ఇన్‌స్టాల్ చేసేటప్పుడు మీడియా ఫార్మాట్ల కోసం అదనపు సాఫ్ట్‌వేర్ వేయమంటారా అని అడిగే టిక్కు పెట్టనివాళ్లకే ఈ బాధ ఎక్కువ. ఫెడోరాలో ఆర్‌పీఎం ఫ్యూజన్ రిపాజిటరీ కలుపుకోవాలి. ఎంపీ3 పేటెంట్ల లైసెన్సింగ్ 2017లో ముగిసింది కాబట్టి దానికి ఇప్పుడు ఎక్కడా అడ్డు లేదు, ఏఏసీ దగ్గరే డిస్ట్రోలు (ఉబుంటు, ఫెడోరా లాంటి లినక్స్ రకాలు) ఇంకా జంకుతున్నాయి. ఓపెన్‌సూసెలో ప్యాక్‌మ్యాన్ రిపాజిటరీ. డెబియన్‌లో కావాల్సినవన్నీ మెయిన్ రిపాజిటరీలోనే దొరుకుతాయి.

ఈ గోల వద్దనుకుంటే ఫ్లాట్‌హబ్‌లో దొరికే ఫ్లాట్‌ప్యాక్ వెర్షన్ తీసుకోండి, షార్ట్‌వేవ్‌ని ఫ్లాట్‌హబ్ నుంచే వేయమన్నది అందుకే. తనకు కావలసిన జీస్ట్రీమర్‌ని రన్‌టైమ్‌తో పాటే తెచ్చుకుంటుంది, మీ సిస్టమ్‌లో ఏ కట్ట ఉంది, ఏది లేదు అన్నది దానికి అనవసరం. డిస్క్ మీద చోటు కొంచెం ఎక్కువ తీసుకుంటుంది, నిజమే, కానీ రేడియో వినడానికి ప్యాకేజీల పేర్లు బట్టీ పట్టే పని తప్పుతుంది.

ఎంపీవీతో తప్పు పట్టుకోవడం

టెర్మినల్ తెరిచి ఎంపీవీ అని కొట్టి, ఒక ఖాళీ వదిలి, స్టేషన్ స్ట్రీమ్ అడ్రసు అతికించి ఎంటర్ కొట్టండి. అంతే. ఇప్పుడు తెర మీద వచ్చే నాలుగు వరుసలు జాగ్రత్తగా చదవండి, వాటిలోనే సంగతంతా ఉంటుంది. మొదట ఆడియో అనే వరుసలో కోడెక్ (ఎంపీ3, ఏఏసీ లాంటి ఫార్మాట్) పేరు, చానెళ్లు, 44100 హెర్ట్జ్ లాంటి అంకె వస్తాయి. ఇది కనిపించిందంటే అడ్రసు పనిచేస్తోంది, కోడెక్ దొరికింది. తర్వాత ఏఓ అనే వరుస, పక్కన బ్రాకెట్‌లో పైప్‌వైర్ అనో పల్స్ అనో ఆల్సా అనో ఉంటుంది. అది వచ్చిందంటే శబ్దాన్ని సిస్టమ్‌కి అప్పజెప్పింది. ఆ తర్వాత కదులుతూ ఉండే వరుస ఒకటి, దాని చివర క్యాష్ అని, పక్కన సెకన్లూ కిలోబైట్లూ. ఉదాహరణకి 8.1 సెకన్లు, 130 కేబీ. అంటే ఈ క్షణాన నెట్ పూర్తిగా తెగినా ఇంకో ఎనిమిది సెకన్ల దాకా పాట ఆగదు.

ఆ క్యాష్ అంకె మీదే కన్నేసి ఉంచండి. పాట ఆగిన ప్రతిసారీ ఆ అంకె సున్నాకి దిగుతోందా? అయితే తప్పు నెట్‌ది లేదా స్టేషన్ సర్వర్‌ది. అంకె ఎనిమిది దగ్గర నిక్షేపంగా ఉండి శబ్దం మాత్రం టకటకమని తెగుతోందా? అయితే నెట్‌ని తిట్టి లాభం లేదు, తప్పు మీ కంప్యూటర్‌లోని సౌండ్ వైపో బ్లూటూత్ వైపో ఉంది. ఈ ఒక్క పరీక్ష చేయకుండానే రూటర్ మార్చినవాళ్లున్నారు, డిస్ట్రో మార్చినవాళ్లూ ఉన్నారు. నెట్ స్పీడ్ టెస్ట్‌లో 100 ఎంబీపీఎస్ చూపిస్తోంది కదా అనే మాట ఇక్కడ పనికిరాదు. 128 కేబీపీఎస్ రేడియోకి సెకనుకు 16 కిలోబైట్లు చాలు. కావాల్సింది వేగం కాదు, తెగకుండా రావడం.

అసలు ఆడియో వరుసే రాకుండా ఎర్రర్ వచ్చిందనుకోండి, అడ్రసు అనుమానించండి. చాలా స్టేషన్లు ఇచ్చేది పీఎల్‌ఎస్ లేదా ఎం3యూ ఫైలు లింకు. అది రేడియో కాదు, రేడియో అడ్రసు రాసి ఉన్న చిన్న టెక్స్ట్ ఫైలు. దాన్ని డౌన్‌లోడ్ చేసి నోట్‌ప్యాడ్ లాంటి దేంట్లోనైనా తెరిస్తే లోపల అసలు అడ్రసు కనిపిస్తుంది, దాన్నే ప్లేయర్‌కి ఇవ్వండి. బ్రౌజర్ డెవలపర్ టూల్స్ తెరిచి, నెట్‌వర్క్ ట్యాబ్ నుంచి అడ్రసు ఏరుకునే అలవాటున్నవాళ్లకు ఒక హెచ్చరిక: ప్రశ్నార్థకం తర్వాత టోకెన్ అనే పొడుగాటి అక్షరాల తోక ఉంటే, ఆ అడ్రసు కాసేపటికి చచ్చిపోతుంది. ఇవాళ పనిచేసి రేపు ఆగిపోతే ప్లేయర్ చెడిపోయిందనుకోకండి.

ఆఫీసులోనో హాస్టల్లోనో రాక ఇంట్లో వస్తే, అడ్రసులో కోలన్ తర్వాత 8000 లాంటి పోర్టు నంబర్ ఉందేమో చూడండి. రేడియో ప్రసారానికి చాలామంది వాడే ఐస్‌కాస్ట్ సర్వర్ మామూలుగా వినేది 8000 మీదే, చాలా సంస్థల ఫైర్‌వాల్స్ 80, 443 తప్ప మిగతావి మూసేస్తాయి. అదే స్టేషన్‌కి హెచ్‌టీటీపీఎస్ అడ్రసు కూడా ఉందేమో వెతకడం తప్ప ప్లేయర్ ఎన్నిసార్లు మార్చినా ఏమీ జరగదు.

బఫర్ పెంచితే సరిపోతుందా

ఆగి ఆగి వస్తోందంటే అందరూ ఇచ్చే సలహా బఫర్, అంటే ముందే దించి పెట్టుకునే నిల్వ, పెంచుకోమని. సలహా మంచిదే, కానీ సగమే చెప్తారు. లైవ్ రేడియోలో ఇంకా మాట్లాడని మాట ముందే డౌన్‌లోడ్ అవ్వదు. సర్వర్ సెకనుకి ఒక సెకను పాటే పంపుతుంది, మీరూ సెకనుకి ఒక సెకనే వింటారు. సన్నటి కొళాయి కింద బిందె పెట్టి, వచ్చిన నీళ్లు వచ్చినట్టే చెంబుతో తోడేస్తుంటే, ఎంత పెద్ద బిందె పెట్టినా అందులో నీళ్లు చేరవు కదా. కాసేపు తోడకుండా ఆగాలి. రేడియోలో కూడా అంతే, బఫర్ అంటే ఆలస్యం. పది సెకన్ల నిల్వ కావాలంటే పది సెకన్లు వెనకబడి వినాలి.

ఐస్‌కాస్ట్ సర్వర్ చేసే ఒక మేలుంది. మీరు కలవగానే గతంలోంచి కొంత ముక్క ఒక్కసారిగా పంపేస్తుంది, మామూలు సెట్టింగ్‌లో అది 64 కిలోబైట్లు. 128 కేబీపీఎస్ స్ట్రీమ్‌కి అది దాదాపు 4 సెకన్ల నిల్వ, 64 కేబీపీఎస్‌కి 8 సెకన్లు, 320 కేబీపీఎస్‌కి రెండు సెకన్లు కూడా కాదు. సర్వర్ నడిపేవాళ్లు దాన్ని మార్చుకోకపోతే, ఎక్కువ నాణ్యత గల స్ట్రీమ్ ఎంచుకున్నకొద్దీ మీ చేతిలో నిల్వ తగ్గుతుందన్నమాట. నెట్ బాగాలేని చోట 320 పట్టుకుని వేలాడకండి, 64 ఏఏసీప్లస్ ఉంటే అది తీసుకోండి. మాటల కార్యక్రమాలకి తేడా తెలియదు, పాటలకి కూడా లాప్‌టాప్ స్పీకర్లలో పెద్దగా తెలియదు. హాట్‌స్పాట్ మీద వినేవాళ్లకు డేటా లెక్క కూడా ఇక్కడే తేలుతుంది: 128 అయితే గంటకి సుమారు 58 ఎంబీ, ఎనిమిది గంటల ఆఫీసు రోజుకి 460 ఎంబీ. 64 అయితే సగం.

ఈ ఆలస్యాన్ని తేలిగ్గా ఇచ్చేది వీఎల్‌సీ. కంట్రోల్ నొక్కి ఎన్ కొట్టండి, అడ్రసు పెట్టండి, మరిన్ని ఆప్షన్లు చూపించమనే టిక్కు కొట్టండి, క్యాషింగ్ దగ్గర 1000 మిల్లీసెకన్లు అని ఉంటుంది. దాన్ని 10000 చేయండి. పాట మొదలవ్వడానికి కాస్త సమయం పడుతుంది, ఆ తర్వాత చిన్నచిన్న అంతరాయాలు వినిపించవు. ప్రతిసారీ మార్చే ఓపిక లేకపోతే ప్రిఫరెన్సెస్‌లో అన్ని సెట్టింగ్స్ చూపించమని, ఇన్‌పుట్ కోడెక్స్ కింద నెట్‌వర్క్ క్యాషింగ్ మార్చేస్తే అన్నిటికీ వర్తిస్తుంది. టెర్మినల్ అంటే టెన్షన్ పడేవాళ్లు ఊళ్లో డాంగిల్ మీద వినాలంటే నేను చెప్పేది నిస్సందేహంగా వీఎల్‌సీయే.

ఎంపీవీలో అదే పనికి క్యాష్-పాజ్-ఇనిషియల్‌ని యస్ చేసి, క్యాష్-పాజ్-వెయిట్‌కి 10 ఇవ్వాలి. క్యాష్-సెక్స్ ఒక్కటే పెంచితే పైన చెప్పిన కారణం వల్ల ఏమీ జరగదు, చాలామంది అక్కడే ఆగిపోతారు. ఏ ఆప్షనూ గుర్తులేకపోయినా పర్లేదు, పాట మొదలవ్వగానే స్పేస్ బార్ కొట్టి పది అంకెలు లెక్కపెట్టి మళ్లీ కొట్టండి, పది సెకన్ల నిల్వ మీ చేతిలో ఉంటుంది, క్యాష్ అంకెలో కూడా కనిపిస్తుంది. కనెక్షన్ పూర్తిగా తెగితే తనంతట తను మళ్లీ కలవడానికి ఎఫ్‌ఎఫ్‌ఎంపెగ్‌కి రీకనెక్ట్, రీకనెక్ట్-స్ట్రీమ్డ్ అని రెండు ఆప్షన్లున్నాయి, వాటిని స్ట్రీమ్-ల్యావ్ఎఫ్-ఓ ద్వారా ఇవ్వాలి. ఇవన్నీ ఎంపీవీ కాన్ఫిగ్ ఫైలులో రేడియో అనే ప్రొఫైల్ కింద రాసుకోండి, లేకపోతే సినిమా పెట్టినప్పుడు కూడా పది సెకన్లు కాచుకోవాల్సి వస్తుంది.

షార్ట్‌వేవ్‌లో ఇలా తిప్పుకునే మీటలు తక్కువ. నెట్ నిలకడగా ఉన్న ఇంట్లో అది లోపం కాదు, సుఖం.

ఐస్‌కాస్టా, హెచ్‌ఎల్‌ఎస్సా

ఒకే స్టేషన్‌కి రెండు రకాల అడ్రసులు ఉంటే ఏది తీసుకోవాలన్నది కూడా ఎంపికే, దీని గురించి ఎవరూ పెద్దగా మాట్లాడరు. ఐస్‌కాస్ట్, షౌట్‌కాస్ట్ రకం అంటే తెగని ఒకే ధార. హెచ్‌ఎల్‌ఎస్ అంటే పాటను కొన్ని సెకన్ల ముక్కలుగా కోసి, ఆ ముక్కల జాబితాని ఎం3యూ8 ఫైలులో పెట్టి, ప్లేయర్ ఒక్కో ముక్కా మామూలు వెబ్ ఫైలులా దించుకోవడం. ముక్క ఆరు సెకన్లు ఉండాలని ఆపిల్ సూచిస్తుంది. చివరి నుంచి కనీసం మూడు ముక్కల వెనక మొదలుపెట్టాలని ప్లేయర్‌కి నియమం ఉంది కాబట్టి ఎలాగూ ఇరవై సెకన్ల దాకా వెనకే ఉంటారు. ఆ వెనకబాటే నిల్వ. వైఫై ఒక క్షణం పోయి వచ్చినా తేడా తెలియదు, 443 పోర్టు మీద వస్తుంది కాబట్టి ఫైర్‌వాల్ అడ్డు ఉండదు. నష్టం ఏమిటంటే క్రికెట్ కామెంటరీ వినేటప్పుడు పక్కింట్లో కేక ముందు వినిపిస్తుంది, మనకి వికెట్ తర్వాత పడుతుంది.

నెట్ బాగాలేకపోతే హెచ్‌ఎల్‌ఎస్, బాగుండి వార్తలూ ఆటలూ వెంటనే వినాలంటే ఐస్‌కాస్ట్. నా లెక్క ఇది. అయితే మన వాళ్లకి చాలాసార్లు ఎంచుకునే అవకాశం ఉండదు. ఆకాశవాణి హైదరాబాద్, విజయవాడ, విశాఖపట్నం, తిరుపతి, ఇంకా వివిధ భారతి లైవ్ స్ట్రీములు హెచ్‌ఎల్‌ఎస్‌లో వస్తాయి. బీబీసీ కూడా 2023లో పాత షౌట్‌కాస్ట్ స్ట్రీములు ఆపేసి హెచ్‌ఎల్‌ఎస్ వైపు వెళ్లింది, అప్పుడు పాత అడ్రసులు దాచుకున్న ప్లేయర్లన్నీ ఒక్కసారిగా మూగబోయాయి. పాత బుక్‌మార్క్ పనిచేయకపోతే ముందు ఆ స్టేషన్‌కి కొత్త అడ్రసు వచ్చిందేమో చూడాలి.

కాబట్టి ఆకాశవాణి ముఖ్యమైనవాళ్లు హెచ్‌ఎల్‌ఎస్ సరిగ్గా నడిపే ప్లేయర్ తీసుకోవాలి. ఎంపీవీ, వీఎల్‌సీ రెండూ నడుపుతాయి. జీస్ట్రీమర్ ప్లేయర్లు డిస్ట్రో నుంచి వేసుకుంటే బ్యాడ్ ప్లగిన్ల కట్ట తప్పనిసరి అని గుర్తుంచుకోండి. పేరు చూసి భయపడకండి, అందులో చెడేమీ లేదు, ఆ కోడ్ నాణ్యత గానీ దాని మీద జరిపిన పరీక్షలు గానీ ఇంకా పూర్తి స్థాయికి రాలేదని చెప్పడానికి అలా పిలుస్తారు.

స్టేషన్లు వెతకడం

ఇక్కడ షార్ట్‌వేవ్‌కి తిరుగులేదు. రేడియో-బ్రౌజర్ అనే ఉమ్మడి డేటాబేస్ నుంచి జాబితా తెస్తుంది, దాన్ని వినేవాళ్లే నింపుతారు. వెతికే చోట తెలుగు అని ఇంగ్లీషు అక్షరాల్లో కొడితే ఆకాశవాణి నుంచి అమెరికాలో మనవాళ్లు నడిపే స్టేషన్ల దాకా వస్తాయి. ఎవరైనా నింపవచ్చు కాబట్టి ఒకే స్టేషన్ మూడుసార్లు ఉంటుంది, అందులో ఒకటో రెండో చచ్చిన అడ్రసులు. ఒకటి రాకపోతే అదే పేరున్న ఇంకోటి నొక్కండి. పైరేడియో కూడా ఇదే డేటాబేస్‌లో వెతుకుతుంది. రేడియోట్రే-ఎన్‌జీ అలా కాదు, అడ్రసులు మీరే చేర్చుకోవాలి, ఒకసారి పది స్టేషన్లు చేర్చుకుంటే తర్వాత ఒక్క క్లిక్. గుడ్‌వైబ్స్ కూడా అంతే. రోజూ వినేది ఆ నాలుగైదు స్టేషన్లే అయినవాళ్లకు నిజానికి ఇదే హాయి.

షార్ట్‌వేవ్‌లో వెతుకులాట ఖాళీగా వస్తే, దాచుకున్న స్టేషన్లు మాత్రం మోగుతుంటే కంగారు పడకండి. జాబితా ఇచ్చే సర్వర్లని అది డీఎన్‌ఎస్ (పేరు ఇస్తే నెట్ అడ్రసు చెప్పే సేవ) ద్వారా కనుక్కుంటుంది, రూటర్‌లోనో యాడ్ బ్లాకర్‌లోనో అది ఆగిపోయి ఉండొచ్చు. డీఎన్‌ఎస్ మార్చి చూడండి.

బ్రౌజర్‌లో వినడం గురించి కూడా చెప్పాలి, ఎందుకంటే చాలామంది అక్కడే మొదలుపెడతారు. అప్పుడప్పుడూ వినడానికి ఇబ్బందేమీ లేదు. కానీ స్టేషన్ పేజీ హెచ్‌టీటీపీఎస్ అయి, లోపలి స్ట్రీమ్ మామూలు హెచ్‌టీటీపీ అయితే బ్రౌజర్ దాన్ని తనంతట తను హెచ్‌టీటీపీఎస్‌గా మార్చి అడుగుతుంది. క్రోమ్ 2020 నుంచి, ఫైర్‌ఫాక్స్ 2024 నుంచి అలా చేస్తున్నాయి. సర్వర్ దగ్గర అది లేకపోతే ప్లే బటన్ నొక్కినా ఏమీ వినపడదు, ఎర్రర్ కూడా కనిపించదు. అదే అడ్రసు ఎంపీవీలో పెడితే టక్కున మోగుతుంది.

నిల్వ బాగానే ఉంది, శబ్దమే తెగుతోంది

ఇప్పుడు క్యాష్ అంకె కదలకుండా ఉండి శబ్దం తెగేవాళ్ల సంగతి. ఫెడోరా 34 నుంచి, ఉబుంటు 22.10 నుంచి సౌండ్ పని చూసేది పైప్‌వైర్. టెర్మినల్‌లో పీడబ్ల్యూ-టాప్ అని కొట్టి, ఈఆర్ఆర్ అనే నిలువు వరుసలో అంకె పెరుగుతోందేమో చూడండి. శబ్దం తెగినప్పుడల్లా పెరుగుతుంటే దొంగ అక్కడే దొరికినట్టు. ముందు పైప్‌వైర్, వైర్‌ప్లంబర్, పైప్‌వైర్-పల్స్ మూడింటినీ సిస్టమ్‌సీటీఎల్ యూజర్ మోడ్‌లో రీస్టార్ట్ చేయండి, సుడో అక్కర్లేదు. స్లీప్ నుంచి లేచాక మూగబోయే లాప్‌టాప్‌లకి చాలాసార్లు ఇదే చాలు.

బ్లూటూత్ హెడ్‌ఫోన్స్‌లో పాట బావిలోంచి వస్తున్నట్టు ఉంటే, ఏదో మీటింగ్ ట్యాబ్ మైక్ పట్టుకుని ఉంటుంది. మైక్ తెరిస్తే హెడ్‌సెట్ పాటల కోసం ఉన్న ఏ2డీపీ ప్రొఫైల్ నుంచి ఫోన్ కాల్స్ కోసం ఉన్న హెచ్‌ఎఫ్‌పీకి మారిపోతుంది, నాణ్యత పడిపోతుంది. ట్యాబ్ మూసేయండి, లేదా పావూకంట్రోల్ అనే సౌండ్ సెట్టింగ్స్ ప్రోగ్రాంలో ప్రొఫైల్ మార్చండి. తెగుతూ వస్తుంటే మాత్రం వైఫై 2.4 గిగాహెర్ట్జ్ మీద ఉందేమో చూడండి, బ్లూటూత్‌దీ అదే బ్యాండ్. రూటర్‌లో 5 గిగాహెర్ట్జ్ ఉంటే దానికి మారితే ఇద్దరికీ గొడవ ఉండదు.

తిరిగి నెట్ వైపు ఒక్క మాట. లాప్‌టాప్‌లో ఆగుతూ, అదే వైఫైలో ఫోన్‌లో ఆగకుండా వస్తోందంటే వైఫై పవర్ సేవింగ్‌ని అనుమానించండి. ఉబుంటులో నెట్‌వర్క్‌మేనేజర్ కాన్ఫిగ్ ఫోల్డర్‌లో డిఫాల్ట్-వైఫై-పవర్‌సేవ్-ఆన్ అనే ఫైలుంటుంది, అందులో విలువ 3. దాన్ని 2 చేసి నెట్‌వర్క్‌మేనేజర్ రీస్టార్ట్ చేయండి. బ్యాటరీ కాస్త ముందు అయిపోవచ్చు.

పాత డిస్ట్రో నడుపుతున్నవాళ్లకి హెచ్‌టీటీపీఎస్ స్టేషన్లు మాత్రమే రాకపోతే, ముందు గడియారం చూడండి. మదర్‌బోర్డు సెల్ అయిపోయి తేదీ ఎక్కడికో వెళ్తే ఏ సర్టిఫికెట్టూ చెల్లదు. తేదీ సరిగ్గానే ఉంటే, మిగతా సర్టిఫికెట్లని నమ్మడానికి ఆధారమైన రూట్ సర్టిఫికెట్లు పాతబడి ఉండొచ్చు. ఉచితంగా సర్టిఫికెట్లు ఇచ్చే లెట్స్ ఎన్‌క్రిప్ట్ ఆధారపడిన పాత రూట్ 2021 సెప్టెంబర్ 30న గడువు తీరినప్పుడు చాలా పాత సిస్టమ్‌లలో ఇలాగే జరిగింది. సీఏ-సర్టిఫికెట్స్ ప్యాకేజీ అప్‌డేట్ చేయండి, అప్పటికీ రాకపోతే డిస్ట్రో మార్చే సమయం వచ్చింది.

రికార్డింగ్ కావాలంటే

పాటల స్టేషన్లకి షార్ట్‌వేవ్ హాయిగా ఉంటుంది. స్ట్రీమ్‌తో పాటు వచ్చే పాట పేరు మారినప్పుడల్లా కోసి విడివిడి ఫైళ్లుగా పెడుతుంది. పాట పేర్లు పంపని స్టేషన్లకి, ముఖ్యంగా నాటకాలూ ప్రసంగాలూ దాచుకోవాలనుకునేవాళ్లకి, అది పనికిరాదు. అక్కడ ఎఫ్‌ఎఫ్‌ఎంపెగ్ వాడండి: ఇన్‌పుట్‌గా అడ్రసు, కోడెక్ దగ్గర కాపీ, టీ ఆప్షన్‌కి సెకన్లు. గంటకి 3600. కాపీ అంటే మళ్లీ ఎన్‌కోడ్ చేయదు, నాణ్యత తగ్గదు, ప్రాసెసర్ మీద భారం ఉండదు. ఫైలు పేరు చివర ఎం4ఏ పెట్టకండి, ఎంకేఏ పెట్టండి. ఎం4ఏ ఫైలుకి సూచిక మామూలుగా ఆఖర్న రాస్తారు కాబట్టి మధ్యలో కరెంటు పోతే గంటంతా పోయినట్టే, ఎంకేఏ అయితే అప్పటిదాకా వచ్చింది మిగులుతుంది.

విదేశాల్లో ఉండి మన పొద్దుటి కార్యక్రమం రికార్డ్ చేసుకునేవాళ్లు, చెప్పిన సమయానికి పని నడిపే పాత సాధనం క్రాన్ బదులు సిస్టమ్‌డీ టైమర్ వాడుకోండి. ఆన్‌క్యాలెండర్ వరుసలో సమయం రాసి పక్కన ఏషియా/కోల్‌కతా అని చేర్చవచ్చు. అమెరికాలో మార్చిలో, నవంబర్‌లో గడియారాలు మారినప్పుడు మీ లోకల్ టైమ్‌తో రాసుకున్న క్రాన్ గంట అటూ ఇటూ అయిపోతుంది, ఇలా రాస్తే టైమర్ మన టైమ్‌నే పట్టుకుని ఉంటుంది. కంప్యూటర్ ఆ సమయానికి మేలుకుని ఉండాలన్నది మాత్రం మర్చిపోకండి.